ఒంటె దాచుకుంటుంది, నీలగిరి తవ్వుకుంటుంది

(హనుమకొండలో జాతీయ సైన్స్ దినోత్సవం నాడు డిగ్రీ విద్యార్థులు, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన రైతుల ముందు ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు చెడకుండా కొద్దిగా సవరించాం.)

అందరికీ నమస్కారం.

ఇవాళ్టి ప్రసంగం దేని మీద అని మా ఇంట్లో అడిగితే ఒంటె, నీలగిరి చెట్టు అని చెప్పాను. "ముప్ఫై ఏళ్ళు చెట్ల పాఠం చెప్పి చివరికి ఒంటెల మీద పడ్డారా" అన్నది మా ఆవిడ. ఒంటె పెళ్ళికి గాడిద పాట అని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఇవాళ పాడబోయే గాడిదను నేనే. (నవ్వులు) కాకపోతే ఈ ఒంటెను నా మీదికి తోలింది ఒక విద్యార్థి. ముందు ఆ సంగతి చెప్తాను.

చాలా ఏళ్ళ కింద డిగ్రీ పేపర్లు దిద్దుతున్నాను. యూకలిప్టస్ కమాల్డులెన్సిస్, అంటే ఒక రకం నీలగిరి చెట్టు, దాని గురించి రాయమని ప్రశ్న. ఒక అబ్బాయి ఇలా రాశాడు: "ఈ చెట్టు ఒంటె వలె నీటిని నిల్వ చేసుకొని కరువును తట్టుకొనును. అందుచేతనే దీనికి కామెల్ పేరు కలిపి కమాల్డులెన్సిస్ అని పెట్టిరి." చదివి నవ్వుకొని, ఎర్ర పెన్నుతో అడ్డంగా ఒక గీత కొట్టి సున్నా పెట్టాను. ఆ రెండు వాక్యాల్లో మూడు తప్పులున్నాయి. ఒంటె నీళ్ళు నిల్వ చేసుకోదు. ఆ చెట్టూ చేసుకోదు. పేరుకు ఒంటెతో సంబంధమే లేదు.

పేరు సంగతి ముందు తేల్చేద్దాం. ఇటలీలో నేపుల్స్ నగరం దగ్గర కమాల్డోలి అని ఒక క్రైస్తవ మఠం ఉంది. దాని దగ్గర ఒక దొర తోటలో ఈ చెట్టు పెరుగుతుంటే, డేన్‌హార్ట్ అనే తోట పెద్ద 1832లో దాన్ని వర్ణించి, ఆ చోటు పేరు పెట్టాడు. ఆస్ట్రేలియా నదుల ఒడ్డున పుట్టిన చెట్టుకు ఇటలీ మఠం పేరు. ఇప్పుడది నర్సంపేట దారిలో మనకు కనబడుతుంది. మనం పిలిచే పేరు కూడా తక్కువ తికమకేం కాదు. నీలగిరి అంటాం. ఊటీ కొండల మీద ఇంగ్లీషు వాళ్ళు పెంచిన చెట్టు వేరే జాతి, గ్లోబులస్. అది చల్లని కొండల చెట్టు, మన ఎండకు నిలవదు. జలుబుకు వాసన చూసే నీలగిరి తైలం అక్కడిది. మన తోటల్లో ఉన్నవి ఎక్కువగా టెరెటికార్నిస్, కమాల్డులెన్సిస్, వాటి సంకరాలు. ములుగు, ఖమ్మం వైపు రైతులు జామాయిల్ అంటారు. అన్నీ యూకలిప్టస్‌లే, పేర్లకేం తక్కువ లేదు.

సున్నా పెట్టానే గానీ ఆ అబ్బాయి పోలిక నన్ను వదల్లేదు. ఎందుకంటే వాడొక్కడే కాదు, మనమందరం అదే అనుకుంటాం. ఈ చెట్టు కరువుకు తట్టుకుంటుంది, ఒంటె ఎడారికి తట్టుకుంటుంది, కాబట్టి రెండూ ఒకే రకం. తట్టుకోవడం అనే ఆ ఒక్క మాట కింద రెండు పూర్తిగా వేరు వేరు బుద్ధులు దాక్కుని ఉన్నాయని నాకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. పుస్తకం చదివి అర్థం కాలేదు. మా కాకతో గెట్టు పంచాయితీ అయ్యాక అర్థమైంది. ఆ కథ తర్వాత.

ముందు ఒంటె. మా చిన్నప్పుడు హనుమకొండకు రాజస్థాన్ నుంచి ఒకాయన ఎండాకాలంలో ఒంటెను తోలుకొచ్చేవాడు. వీపు మీద రంగు బొంత, మెడకు గజ్జెలు. చారణా ఇస్తే వీధి చివరిదాకా ఎక్కించుకుపోయేవాడు. నేను ఎక్కలేదు, చారణా లేక. (నవ్వులు) అందుకని దాని పక్కనే నడుస్తూ దాన్ని చూస్తూ ఉండేవాణ్ణి. ఒకరోజు అది రోడ్డు పక్క నల్ల తుమ్మ కొమ్మను అందుకుంది. అంగుళంన్నర ముళ్ళున్న కొమ్మ. పై పెదవి రెండుగా చీలి ఉంటుంది దానికి. ఆ రెండు ముక్కలతో, మనం రెండు వేళ్ళతో కరివేపాకు దూసినట్టు, దూసి నమిలేసింది. మేకలే కాసేపు ఆలోచించి తినే కొమ్మ అది. ఆయన్ని మా నాయనమ్మ అడిగింది, "దీనికి రోజుకు ఎన్ని బిందెలు పొయ్యాలె అయ్యా" అని. ఆయన వచ్చీరాని తెలుగులో, "అమ్మా, మొన్న పోసినా, మళ్ళ ఎల్లుండి" అన్నాడు. ఆ ఏడాది మా వాడకట్టులో నల్లా నీళ్ళు రెండ్రోజులకోసారి వచ్చేవి. మా నాయనమ్మ ఒంటెను ఎంత గౌరవంగా చూసిందో నాకింకా గుర్తు.

మూపురంలో నీళ్ళుంటాయని అందరం అనుకుంటాం. ఉండేది కొవ్వు. ఆ కొవ్వు కరిగితే నీళ్ళు పుడతాయి కదా అని తెలివైన పిల్లలు అడుగుతారు. నిజమే, కిలో కొవ్వు కరిగితే కిలోకు కొంచెం పైనే నీళ్ళు పుడతాయి. కానీ కొవ్వు కరగాలంటే ఆక్సిజన్ కావాలి, దానికోసం ఎక్కువ ఊపిరి తీయాలి. ఎడారి పొడిగాలిలో ఆ ఊపిరితో బయటికి పోయే తడి, పుట్టిన నీళ్ళకంటే తక్కువేం ఉండదు. కాబట్టి మూపురం నీళ్ళ ట్యాంకు కాదు, ధాన్యం గాదె. ఒళ్ళంతా కొవ్వు పరుచుకుంటే వేడి బయటికి పోదు. అందుకని మొత్తం తెచ్చి ఒక్కచోట, వీపు మీద పెట్టుకుంది.

మరి నీళ్ళు ఎలా? ఇది సరిగ్గా తెలుసుకున్నది క్నూట్ ష్మిట్-నీల్సన్ అనే శాస్త్రవేత్త. నార్వేలో పుట్టి అమెరికాలో పనిచేశాడు. 1950లలో కుటుంబంతో సహా సహారా ఎడారికి, అల్జీరియాలో బెనీ అబ్బెస్ అనే ఒయాసిస్సుకు పోయి, ఒంటెలను కొని, ఎండలో నిలబెట్టి కొలిచాడు. ఆయన చూసిన వాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఒంటె జ్వరం.

మన ఒంటి వేడి ఉదయం, సాయంత్రం దాదాపు ఒకటే, 37 డిగ్రీలు. ఒక డిగ్రీ పెరిగితే చెమట, రెండు పెరిగితే డాక్టర్. దాహంతో ఉన్న ఒంటె మాత్రం రాత్రి చలికి ఒంటి వేడిని 34 దాకా దించుకుంటుంది. పగలు ఎండెక్కేకొద్దీ 40, 41 దాకా పెరగనిస్తుంది. అప్పటిదాకా చెమట పట్టదు. ఇందులో ఎంత నీళ్ళు మిగులుతాయో బోర్డు మీద లెక్క వేద్దాం. 500 కిలోల ఒంటె. ఆరు డిగ్రీల తేడా. ఒక కిలో ఒంటిని ఒక డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 0.8 కిలోకేలరీలు. గుణిస్తే 2,400. ఒక లీటరు చెమట ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. భాగిస్తే ఎంత? ఎవరో నాలుగు పైన అన్నారు, కరెక్ట్. అంటే పగలంతా చెమటోడ్చి పారబోయాల్సిన నాలుగు లీటర్ల నీళ్ళను, వేడిని ఒంట్లోనే ఆపి పెట్టుకొని, రాత్రి చల్లగాలికి ఉచితంగా వదిలేసింది. మే నెలలో మన వరంగల్ ఎండలో గడ్డపార పట్టిన మనిషికి గంటకు లీటరు దాకా చెమట పోతుంది. పోల్చి చూసుకోండి.

ఆయన ఇంకో పని చేశాడు. ఒక ఒంటెకు బొచ్చు గొరిగించాడు. పాపం, చల్లగా ఉంటుందనుకుంటాం. గొరిగిన ఒంటె, బొచ్చున్న ఒంటెకంటే సగానికి సగం ఎక్కువ నీళ్ళు చెమటగా పోగొట్టుకుంది. మన పాత పెంకుటిళ్ళ మీద గడ్డి పరిచినట్టు, ఆ బొచ్చు ఎండను పైనే ఆపుతుంది.

మిగతావి త్వరగా చెప్తాను. మూత్రం చిక్కగా, తక్కువగా పోస్తుంది. పెంట ఎంత పొడిగా ఉంటుందంటే, ఎండబెట్టకుండానే పొయ్యిలో పెట్టొచ్చు. ముక్కు లోపల మెలికలు తిరిగిన పొరలుంటాయి. బయటికి పోయే ఊపిరి ఆ పొరలకు తగిలి చల్లబడితే, అందులోని తడి అక్కడే మిగిలిపోతుంది. ఎండలో మనిషి ఒంటి బరువులో పది, పన్నెండు శాతం నీళ్ళు పోతే ప్రాణానికే ముప్పు. ఒంటె పాతిక శాతం దాకా పోగొట్టుకుని కూడా నడుస్తుంది. పోయిన నీళ్ళలో ఎక్కువ భాగం పేగుల నుంచి, కండల నుంచి పోతుంది. రక్తం మాత్రం పెద్దగా చిక్కబడదు. తర్వాత నీళ్ళు దొరికితే పది నిమిషాల్లో వంద లీటర్లు తాగేస్తుంది. అంత నీళ్ళు ఒక్కసారి మన రక్తంలోకి వస్తే ఎర్ర కణాలు ఉబ్బి పగిలిపోతాయి. ఒంటె కణాలు గుండ్రంగా ఉండవు, కోలగా ఉంటాయి. రెండింతలకు పైగా ఉబ్బినా పగలవు.

ఇప్పుడు ఇవన్నీ కలిపి చూడండి. ఒంటె ఎక్కడా కొత్తగా నీళ్ళు సంపాదించడం లేదు. ఉన్నది పోకుండా కాపలా కాస్తున్నది. దాని లెక్కంతా దాని చర్మం లోపలే. పక్కనున్న మేకకు దానివల్ల గుక్కెడు నీళ్ళు తగ్గవు.

సరే, ఇక చెట్టు. వచ్చేటప్పుడు రోడ్డు పక్క తోటలో ఒక కొమ్మ విరుచుకొచ్చాను. అడిగే విరిచాను. (నవ్వులు) తలా ఒక ఆకు తీసుకొని పంపించండి. నలపకండి, ముందు చూడండి. మామిడి ఆకుకు, వేపాకుకు పైభాగం ముదురుగా, మెరుస్తూ ఉంటుంది, అడుగు లేతగా ఉంటుంది. దీనికి పైనా కిందా ఒకటే రంగు. ఎందుకంటే దీనికి పైనా కిందా అనేవి లేవు. కాడ మెలి తిరిగి, ఆకు కత్తిలా నిలువుగా వేలాడుతుంది. మిట్టమధ్యాహ్నం ఎండకు అంచు మాత్రమే చూపిస్తుంది, ఉదయం సాయంత్రం లేత ఎండను రెండు వైపులా తీసుకుంటుంది. ఊపిరి రంధ్రాలు కూడా రెండు వైపులా ఉంటాయి. అందుకే ఈ చెట్టు కింద నిలబడితే నీడ ఉండదు. బస్సు కోసం నీలగిరి కింద నిలబడ్డవాడికి ఈ పాఠం చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు ఆకును ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టుకోండి. సూదితో పొడిచినట్టు చిన్న చిన్న వెలుగు చుక్కలు కనబడుతున్నాయా? అవి నూనె తిత్తులు. ఇప్పుడు నలపండి. ఆ వాసన ఈ నూనెలో ఉండే సినియోల్ అనే పదార్థానిది. పశువులు ముట్టవు, కోతులు ముట్టవు. ఆకు మీద మైనం పూత ఉంది, గోటితో గీకితే తెలుస్తుంది. ఎండలు మరీ ముదిరితే ఈ జాతి పెద్ద చెట్లు ఉన్నట్టుండి లావు కొమ్మలను వదిలేస్తాయి. ఆస్ట్రేలియాలో దీని కింద గుడారం వేయొద్దని యాత్రికులకు చెప్తారు.

ఇక్కడిదాకా చూస్తే ఆ అబ్బాయి రాసింది సగం నిజమే అనిపిస్తుంది. ఎండను తప్పించుకునే ఆకు, మైనం పూత, ఒంటెకు బొచ్చున్నట్టే. కానీ ఇదంతా నేల పైన కనబడే వేషం. అసలు మనిషి కింద ఉన్నాడు.

కమాల్డులెన్సిస్ ఎక్కడి చెట్టో చూడండి. ఆస్ట్రేలియాలో దాన్ని రివర్ రెడ్ గమ్ అంటారు. కర్ర ఎర్రగా ఉంటుంది, అందుకని రెడ్. నది ఒడ్డున ఉంటుంది, అందుకని రివర్. మర్రే, డార్లింగ్ నదుల వెంట వందల ఏళ్ళ చెట్లున్నాయి. నడి ఎడారిలో కూడా కనబడుతుంది, కానీ అక్కడ కూడా ఎండిన వాగుల వెంటే. పైన ఇసుక మాత్రమే కనబడుతుంది, కింద నీళ్ళుంటాయి. వరద వచ్చి రెండు మూడు నెలలు మునిగినా చావదు, అసలు దాని విత్తనం మొలవడానికే వరద తడి కావాలి. అంటే ఇది ఎడారిలో బతకడం నేర్చుకున్న చెట్టు కాదు. ఎడారిలో కూడా నది ఎక్కడుందో కనుక్కోవడం నేర్చుకున్న చెట్టు. వేరు నీళ్ళకు తగిలినంత కాలం ఆకు రంధ్రాలు తెరిచే ఉంచుతుంది, తాగుతూనే ఉంటుంది, పెరుగుతూనే ఉంటుంది. నాలుగేళ్ళలో కర్ర కోతకు వస్తున్నదంటే ఆ ఎదుగుదల ఊరికే వస్తుందా? నీళ్ళు తాగకుండా కర్ర పెరగదు.

వెనక కూర్చున్న రైతులకు ఒక్క మాటలో చెప్తాను. ఒంటె పొదుపు చేస్తుంది. నీలగిరి బోరు వేస్తుంది.

ఇది నా ఊహ కాదు, కొలిచిన వాళ్ళున్నారు. ఇయాన్ కాల్డర్ అనే బ్రిటిష్ జలశాస్త్రవేత్త, కర్ణాటక అటవీ అధికారులు, శాస్త్రవేత్తలు కలిసి 1980ల చివర్లో మొదలుపెట్టి కొన్నేళ్ళు ఈ పని చేశారు. వాళ్ళకు దొరికింది తిన్నగా ఉండదు, అందుకే రెండు పక్షాల వాళ్ళూ తమకు నచ్చిన సగమే చెప్తుంటారు. మూడు మీటర్ల లోతు మట్టి ఉన్నచోట నీలగిరి తాగిన నీళ్ళు, అక్కడి సహజమైన ఆకురాలు అడవి తాగిన దానికంటే ఎక్కువేం కాదు. రెండూ దాదాపు కురిసిన వానంతా తాగేశాయి. రాగి చేనుతో పోలిస్తే మాత్రం సుమారు రెట్టింపు. ఇంకోచోట, బెంగళూరు దగ్గర హోసకోటలో, మట్టి ఎనిమిది మీటర్లకు పైగా లోతు. అక్కడ కరువు మూడేళ్ళలో కురిసింది 2,100 మిల్లీమీటర్లు. చెట్లు తాగింది వాళ్ళ లెక్క ప్రకారం 3,400. మిగతా 1,300 ఎక్కడివి? వేరు ఏటా రెండున్నర మీటర్ల చొప్పున కిందికి దిగుతూ, ఎప్పుడో ఏ కాలంలోనో ఇంకిన పాత తడిని తోడుకున్నది. వరంగల్‌లో ఏడాదికి పడే వాన వెయ్యి మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అంటే మనకు ఒక ఏడాది వానకంటే ఎక్కువ, నేల నుంచి అప్పు తీసుకున్నట్టు. కరెంటు బిల్లు లేని బోరు. బిల్లు మనకూ లేదులెండి. (నవ్వులు)

ఇప్పుడు మా కాక కథ. నర్సంపేట అవతల మాకు రెండెకరాల ఎర్ర చెలక ఉండేది. మా బాపు పోయాక చేసేవాళ్ళు లేరు. నాకేమో ఉద్యోగం. కంది పెడితే కోతులు, మక్క పెడితే పందులు. 2009లో అందులో నీలగిరి పెట్టించాను. వృక్షశాస్త్రం చెప్పేవాణ్ణి, నాకు తెలియదా అనే ధీమా. ఎకరానికి ఆరు వందల పైచిలుకు మొక్కలు, కొలిచి, తాడు పట్టి, గెట్టు పక్కన మూడడుగులు మాత్రమే వదిలి. ఎందుకు మూడే వదిలావంటే, ఒక వరస ఎక్కువ వస్తుందని. ఆ ఆశే.

గెట్టు అవతల మా కాక చెలక, పత్తి. మూడో ఏడు ఆయన నాకు ఫోన్ చేశాడు, "ఒక్కసారి వచ్చి చూడు కొడుకా" అని. పోయాను. చేను మధ్యలో పత్తి నడుము దాకా ఉంది. గెట్టు వైపు వచ్చేకొద్దీ దిగిపోతూ, చివరి ఏడెనిమిది సాళ్ళలో మోకాలు కూడా దాటలేదు. ఎవరో దువ్వెనతో వాలుగా దువ్వినట్టు ఉంది. కాక ఏమీ తిట్టలేదు. గడ్డపార తెచ్చి నాలుగో సాలు దగ్గర తవ్వాడు. జానెడు లోతులో బొటనవేలంత వేరు తగిలింది. తెగిన చోట ఎర్రగా, తడిగా. దాన్ని పట్టుకొని లాగితే మట్టి పగుల్చుకుంటూ గెట్టు వైపే పోయింది. కొలిస్తే నా మొదటి వరస నుంచి పదకొండు గజాలు. అప్పుడన్నాడు: "నీ చెట్లు నీ దిక్కు పెరుగుతున్నయ్, నా దిక్కు తాగుతున్నయ్."

ముప్ఫై ఏళ్ళు నేను క్లాసులో చెప్పిన దానికంటే ఆ ఒక్క మాట సరిగ్గా ఉంది. గెట్టు వెంట మూడడుగుల లోతు కందకం తీయించాను. ఏటా వేసవిలో మళ్ళీ తవ్వించాలి, లేకపోతే వేర్లు కిందనుంచి దాటుతాయి. కాకకు రెండు పంటల నష్టం కట్టిచ్చాను, ఆయన వద్దన్నా. నరికాక డబ్బు చూసుకుంటే, కందకం, నష్టం పోను, కంది పెట్టి కోతులకు వదిలినదానికంటే కొంచెం మెరుగు. (నవ్వులు) నరికినా అది పోదు. మోడు చుట్టూ వారం పది రోజుల్లో చిగుళ్ళు. ఇంకో కోత, మరో కోత. కాగితం మిల్లులకు ఇదే వరం. నేను రెండో కోత కాగానే జేసీబీ పెట్టించి మొద్దులు పీకించాను.

ఇక్కడ ఒక మాట. రైతు ఎందుకు పెడుతున్నాడో తెలియకుండా తిట్టడం నాకు నచ్చదు. కూలీ లేదు, కోతుల బెడద ఉంది, పట్నంలో ఉండి కూడా చేసుకోవచ్చు, నాలుగేళ్ళకు చేతికి ఒక్కసారిగా డబ్బు. సారపాకలో కాగితం మిల్లు ఉంది, భద్రాచలం క్లోన్లని నిటారుగా, ఒకే మందంతో పెరిగే రకాలు అక్కడినుంచే ఊళ్ళలోకి వచ్చాయి. మంగపేట మండలం కమలాపురం మిల్లు నడిచినన్నాళ్ళు ఆ వైపు కర్రకు దగ్గర్లోనే గిరాకీ. 2014లో అది ఆగిపోయాక లారీ కిరాయిలు పెరిగాయి. మీరిప్పుడు నోట్స్ రాసుకుంటున్న కాగితంలో కూడా ఈ చెట్టే ఉండొచ్చు. కర్ణాటక 2017లో కొత్తగా నీలగిరి నాటడం ఆపేసింది. అలా ఆపాలా అంటే, నేను చోటు చూసి చెప్పాలంటాను. ఆ విషయానికి మళ్ళీ వస్తాను.

ఈ రెంటినీ కలిపి చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మన దేశం, ఆస్ట్రేలియా వీటిని ఒకదానికొకటి ఇచ్చిపుచ్చుకున్నాయి. టిప్పు సుల్తాన్ 1790 ప్రాంతంలో నంది కొండ తోటలో నీలగిరి మొక్కలు పెట్టించాడంటారు. 1843 నుంచి ఊటీలో వంటచెరకు కోసం తోటలు పెంచారు. అటు 1860లో, అప్పుడు మన దేశంలోనే ఉన్న కరాచీ రేవు నుంచి 24 ఒంటెలను ఓడెక్కించి మెల్‌బోర్న్ తీసుకుపోయారు. ఆ ఖండాన్ని అడ్డంగా దాటడానికి బర్క్, విల్స్ అనే ఇద్దరు బయల్దేరుతున్నారు, వాళ్ళకోసం. తర్వాత వేల ఒంటెలు, వాటితోపాటు బలూచీలు, పఠాన్లు, సింధీలు పోయారు. టెలిగ్రాఫ్ తీగల స్తంభాలు, ఉన్ని మూటలు, రైలు పట్టాలు అన్నీ ఒంటె వీపు మీదే పోయాయి. 1920లలో లారీలు వచ్చాయి. ఒంటెలను వదిలేశారు. అక్కడ వాటికి పోటీ లేదు, పులి లేదు. లక్షల్లోకి పెరిగాయి.

2009లో డాకర్ రివర్ అనే చిన్న ఊరు, మూడొందల యాభై మంది ఉంటారు. కరువు. ఆరు వేల ఒంటెలు ఊరి మీద పడ్డాయి. నీళ్ళ కోసం ట్యాంకులు, పైపులు విరగ్గొట్టాయి, ఏసీ మిషన్లను కూడా వదల్లేదు. జనం ఇళ్ళ నుంచి బయటికి రాలేకపోయారు. చివరికి హెలికాప్టర్లతో తరిమి కాల్చారు. పొదుపరి అని ఇంతసేపు మెచ్చుకున్న ఒంటే ఇది. అటువైపు అదే కాలంలో మర్రే నది ఒడ్డున రివర్ రెడ్ గమ్ చెట్లు పెద్ద సంఖ్యలో ఎండిపోతున్నాయి. వాన తక్కువ, పైగా నదిని పొలాలకు మళ్ళించారు, వరద రావడం మానేసింది. ఇక్కడ మనం నీళ్ళన్నీ తాగేస్తుందని తిట్టే చెట్టు, పుట్టినింట్లో నీళ్ళు లేక చచ్చిపోతున్నది. మన దగ్గర ఒంటెల సంగతి కూడా చెప్తాను. 2012 పశుగణనలో దేశంలో 4 లక్షలు. 2019కి రెండున్నర లక్షలు. అక్కడ ఎక్కువై కాలుస్తుంటే ఇక్కడ లేకుండా పోతున్నాయి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. వెనకనుంచి పెద్దాయన ఎవరో చెయ్యెత్తారు.

(ప్రశ్న: ఇంతకూ నీలగిరి పెట్టాల్నా, వద్దా సార్?)

మీ భూమి ఎక్కడ కాకా? కాలువ కిందనా? ఎస్సారెస్పీ, అదే శ్రీరాంసాగర్ ప్రాజెక్టు, కాలువ పక్క కొన్ని పొలాలు ఊట పట్టి, వరి కూడా నిలవకుండా, ఎండాకాలం పైకి తెల్లగా ఉప్పు పూస్తాయి. చూసే ఉంటారు. అక్కడ పెట్టండి. నది చెట్టు కదా, నిలవ నీరు, కొంత ఉప్పు దానికి ఇబ్బంది లేదు, పైగా ఆ ఊటను తోడేస్తుంది. అక్కడ దాని బుద్ధి మీకు లాభం. బాయికి, చెరువుకు ఎగువన మాత్రం వద్దు. పక్కవాడి చేను గెట్టు నుంచి ముప్ఫై నలభై అడుగులు వదలండి, మధ్యలో కందకం తీయండి. ముందు పక్కవాణ్ణి అడగండి, నేను అడగలేదు. ఇక్కడి పాఖాల, రామప్ప చెరువులు కట్టినవాళ్ళు ఒక చెరువు అలుగు పోస్తే కిందిదానికి నీళ్ళు పోయేలా చూశారు. ఈ చెట్టుకు అలుగు లేదు, అంతే తేడా.

(ప్రశ్న, ఒక విద్యార్థిని: సార్, ఒంటెను మన వరంగల్‌లో పెంచొచ్చా? ఎండ ఉంటది కదా.)

మంచి ప్రశ్న అమ్మా. ఎండ గురించి భయం లేదు, ఎండాకాలం మనకంటే అదే హాయిగా ఉంటుంది. వానాకాలమే కష్టం. బురదలో జారుతుంది, దాని పాదం ఇసుక కోసం చేసినది, మెత్తటి వెడల్పు దిండు లాంటిది. అంతకంటే పెద్ద బాధ జోరీగలు. అవి కుట్టి సర్రా అనే జబ్బును అంటిస్తాయి, ఒంటెలకు ఇది పెద్ద గండం. హనుమకొండకు వచ్చే ఆ రాజస్థానీ ఆయన మృగశిర కార్తె రాకముందే ఎందుకు వెళ్ళిపోయేవాడో నాకు ఇది చదివాకే తెలిసింది.

(ప్రశ్న: సున్నా వేసిన ఆ విద్యార్థి ఇప్పుడు ఏం చేస్తున్నాడు సార్?)

నాకు తెలియదు. పేపర్ల మీద నంబరు తప్ప పేరుండదు కదా. ఇప్పుడైతే అర మార్కు వేసేవాణ్ణి. ఆకు వరకు సగం కరెక్ట్ రాశాడు.

(ప్రశ్న: మీ చెలకల ఇప్పుడు ఏముంది?)

కంది. కోతులు ఉన్నాయి, అయినా కంది. మా కాకే చేస్తున్నాడు, పంటలో నాకు పాలు ఇస్తాడు. మొన్న సంక్రాంతికి పోయి చూశాను. గెట్టు మూలకు జేసీబీకి అందని మొద్దు ఒకటి మిగిలింది. దాని మీద మోచేతి మందం కొమ్మలు రెండు లేచాయి. కొట్టేద్దామా అన్నాను. "ఉండనీ తియ్యి" అన్నాడు. ఎడ్ల తలుగు దానికే కట్టేస్తున్నాడు.